లంబసింగి దగ్గర ఇల్లు కొనొచ్చా? కాకపోతే కోటగిరి ఎలా ఉంటుంది?

మంచుతెర (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విశాఖలో ఉంటాం, ఇద్దరమే. వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నాను. కొండ ఊళ్లో చిన్న ఇల్లు కొనుక్కుని ఏడాది పొడవునా అక్కడే ఉండాలని మా ఆలోచన. సెలవులకి వెళ్లొచ్చే ఇల్లు కాదు, హోటలు వ్యాపారం అంతకన్నా కాదు. అన్ని ఖర్చులూ కలిపి 50 లక్షలు పెట్టగలం.

లంబసింగికి ఆరు కిలోమీటర్ల లోపల 30 సెంట్ల స్థలం, అందులో రెండు గదుల రేకుల ఇల్లు 19 లక్షలకి ఉందని ఒక మధ్యవర్తి చెప్తున్నాడు. భూమి గిరిజన రైతుది. మూడు దార్లు ఉన్నాయంటున్నాడు. ఒకటి, భూమి ఆయన పేరు మీదే ఉంచి మనకి జీపీఏ (ఆయన తరఫున వ్యవహరించే అధికార పత్రం), దాంతోపాటు వీలునామా రాయించుకోవడం. రెండోది 33 ఏళ్ల లీజు. మూడోది ఆయనతో భాగస్వామ్య ఒప్పందం. "ఇక్కడ అందరూ ఇలాగే చేస్తున్నారు" అంటూ లక్షన్నర అడ్వాన్సు అడుగుతున్నాడు.

ఈ మూడిట్లో ఏదైనా చట్టం ముందు నిలుస్తుందా? నిలవకపోతే మాలాంటివాళ్లు ఎక్కడ చూసుకోవాలి? తమిళనాడు నీలగిరుల్లో ఉన్న కోటగిరి బాగుంటుందని కొందరన్నారు. ఇన్నాళ్లూ ఫ్లాట్లలోనే ఉన్నాం కాబట్టి కొండ మీద ఇంటికి ఏం చూడాలో కూడా తెలియదు. దయచేసి వివరంగా చెప్పగలరు.

సర్వేరాయి

అడ్వాన్సు ఇవ్వకండి. మూడింట్లో ఏదీ నిలవదు. ఒక్కోటి ఎందుకు నిలవదో చెప్తాను.

లంబసింగి చింతపల్లి మండలంలో ఉంది, అది షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన ఏజెన్సీ ప్రాంతం. అక్కడ 1959 నాటి భూ బదలాయింపు నిబంధన వర్తిస్తుంది. దాన్ని 1970లో సవరించారు, జనం నోట్లో ఉన్న "1/70 చట్టం" అదే. 1970 ఫిబ్రవరి 3 నుంచి ఏజెన్సీలో స్థిరాస్తిని గిరిజనులకి గానీ, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ తప్ప మరెవరికి బదలాయించినా అది చెల్లదు. అమ్మేవాడు గిరిజనుడా కాదా అన్నదాంతో పనిలేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. అరకులో గిరిజనేతరుడికి 1970కి ముందునుంచి సరైన కాగితాలతో ఇల్లు ఉన్నా, ఆయన దాన్ని మీకు అమ్మలేడు. కొనే గిరిజనుడు దొరక్కపోతే ప్రభుత్వానికి అప్పగించి పరిహారం తీసుకోవాలి. పైగా ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఆస్తి ఏదైనా మొదట గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందేనని చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది పట్టుకున్నవాడే. ఈ సవరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. 1997 సమతా తీర్పులో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకి గనుల కోసం లీజుకివ్వకూడదంది.

ఇక ఆ మూడు దార్లు. "బదలాయింపు" అనే మాటకి ఆ నిబంధనలోనే నిర్వచనం ఉంది. అమ్మకం, తాకట్టు, లీజు, దానం, మార్పిడి, వీటికి సంబంధించిన ఒప్పందం కూడా అందులోకే వస్తాయి. కాబట్టి 33 ఏళ్ల లీజు అక్కడితో పోయింది. భాగస్వామ్యం అన్నా లోపల జరిగేది భూమి మీద లావాదేవీయే, పేరు మారినంత మాత్రాన తప్పించుకోదు. జీపీఏ యాజమాన్య హక్కు ఇవ్వదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. రాసిచ్చిన మనిషి పోతే జీపీఏ కూడా అంతటితో సరి. వీలునామాని మాత్రం ఆ నిర్వచనంలోంచి మినహాయించారు. మధ్యవర్తులు పట్టుకునేది ఆ ఒక్క సందునే. కానీ వీలునామా రాసినవాళ్లు బతికున్నంతకాలం ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. డబ్బు తీసుకుని రాసిన వీలునామా అమ్మకానికి వేసిన ముసుగేనని విచారణలో తేలుతుంది. డబ్బు మీది, పేరు ఆయనది అయితే బినామీ చట్టం కూడా వచ్చి పడుతుంది. 2016 సవరణ తర్వాత దానికి ఏడాది నుంచి ఏడేళ్ల కఠిన జైలు, ఆస్తి మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా ఉన్నాయి.

కేసు పడాలంటే ఆ రైతే ఫిర్యాదు చేయాలని లేదు. అధికారులు తమంతట తామే చేపట్టి, మిమ్మల్ని ఖాళీ చేయించి, భూమి వెనక్కి ఇప్పించవచ్చు. మీరు కట్టిన గోడలకి, వేసిన బోరుకి ఎవరినీ అడగలేరు.

ఒక్క మాట చెప్పాలి. ఈ చట్టాన్ని అడ్డంకిగా చూడకండి. అప్పు పేరుతో, సారా బాకీ పేరుతో మన్యంలో ఎకరాలకి ఎకరాలు చేతులు మారాయి కాబట్టే ఇది పుట్టింది. మీకు చెప్తున్న 19 లక్షల్లో ఆ రైతు చేతికి ఎంత వెళ్తుందో అడిగి చూడండి.

అక్కడే ఉండాలని మనసు లాగితే నెలవారీ అద్దెకి ఉండండి. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు అలాగే ఉంటున్నారు. అద్దె ఇంటి మీద పెట్టుబడి మాత్రం పెట్టొద్దు.

మైదానానికి ఆనుకున్న మండలాల్లో ఊరూరికీ తేడా ఉంటుంది. ఒక ఊరు షెడ్యూల్డు, పక్క ఊరు కాదు. మధ్యవర్తి మాట కాకుండా రెవెన్యూ గ్రామం పేరు, సర్వే నంబరుతో తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. షెడ్యూలు బయట కొన్నా 22-ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) చూడాలి. డి-పట్టా (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి) అయితే 1977 చట్టం అడ్డు రావచ్చు. అటవీ హక్కుల పట్టా వారసులకి వస్తుంది గానీ అమ్మకానికి పనికిరాదు. మదనపల్లె వైపు హార్స్‌లీ హిల్స్ షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, అయితే కొండపైన చాలాభాగం అటవీ శాఖది, ప్రభుత్వానిదే. కింద ఊళ్లలో కొనుక్కోవచ్చు, అక్కడ అసలు సమస్య నీళ్లు.

తేయాకుగాలి

సర్వేరాయి గారు చెప్పింది అక్షరాలా నిజం. కోటగిరి సంగతి నేను చెప్తాను.

తమిళనాడులో షెడ్యూల్డ్ ప్రాంతాలు లేవు, నీలగిరుల్లో బయటివాళ్లు ఇల్లు కొనుక్కోవచ్చు. అలాగని కాగితం చూడకుండా దిగితే అక్కడా మునుగుతారు. నాలుగు రకాల భూముల జోలికి వెళ్లకండి. గూడలూరు వైపు జన్మం భూములు (పాత జమీందారీ తరహా హక్కువి), అందులోనూ 1969 చట్టం సెక్షన్ 17 కిందవి, హక్కు తేలక దశాబ్దాలుగా నలుగుతున్నాయి. మసినగుడి, సిగూరు వైపు ఏనుగుల కారిడార్ ఉంది, దాన్ని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రైవేటు అడవిగా ప్రకటించిన భూమిని 1949 చట్టం ప్రకారం అనుమతి లేకుండా అమ్మకూడదు. నాలుగోది పంచమి భూమి. దళితులకి షరతుల మీద ఇచ్చింది, వేరేవాళ్లు కొంటే చెల్లదు. "డీసీ ల్యాండ్" అని రాసి ఉంటుంది, ఏ-రిజిస్టరులో (ఊళ్లో భూముల వివరాలుండే రెవెన్యూ రికార్డు) కనిపిస్తుంది.

చూడాల్సిన కాగితాలు ఇవి: మూల దస్తావేజు నుంచి ఇప్పటిదాకా గొలుసుకట్టుగా అన్ని దస్తావేజులు, విల్లంగం అంటే మన ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), పట్టా, ఏ-రిజిస్టరు నకలు, ఎఫ్ఎంబీ పటం (స్థలం కొలతల సర్వే పటం). విల్లంగం కనీసం 30 ఏళ్లకి తీయండి, 1975 నుంచి దొరికితే ఇంకా మంచిది. పట్టా "తనిప్పట్టా"నా "కూట్టుప్పట్టా"నా చూడండి. తనిప్పట్టా అంటే విడిగా ఉన్నది, కూట్టుప్పట్టా అంటే ఉమ్మడిది. అందులో ఉన్న అందరూ సంతకం పెట్టాలి, లేదా మీ వాటా సర్వే చేయించి సబ్‌డివిజన్ అయ్యాకే డబ్బివ్వాలి. కొండ ఊళ్లలో అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్న స్థలాలు ఎక్కువ, ఆగిపోయే బేరాలు చాలావరకు ఇక్కడే ఆగుతాయి. దస్తావేజులన్నీ తమిళంలో ఉంటాయి. అమ్మేవాళ్లు చూపించిన వకీలు కాకుండా మీరు వేరుగా పెట్టుకున్న వకీలు చదివి రాతలో అభిప్రాయం ఇవ్వాలి.

తర్వాత ఇంటి ప్లాను. పన్ను రశీదు, కరెంటు కనెక్షను ఉన్నాయి కాబట్టి ఇల్లు సక్రమమే అనుకుంటారు. అవి అనుమతికి రుజువు కావు. అనుమతి పొందిన ప్లాను నంబరు, తేదీ అడిగి స్థానిక సంస్థ ఆఫీసులో సరిచూసుకోండి. నీలగిరుల్లో ఇంటి ఎత్తు 7 మీటర్లు దాటకూడదు. అనుమతి లేని కట్టడాలకి సీలు వేస్తారు. తేయాకు తోటని ముక్కలు చేసి అమ్మే ప్లాట్లకి లేఅవుట్ అనుమతి లేకపోతే అసలు చూడనే వద్దు. బోరు వేయాలన్నా, జేసీబీతో మట్టి తవ్వాలన్నా కలెక్టరు అనుమతి కావాలి. అందుకే "తర్వాత బాగు చేయించుకోవచ్చులే" అనే లెక్క అక్కడ పనిచేయదు. ఇప్పుడున్న దారి, ఇప్పుడున్న నీళ్లు, ఇప్పుడున్న గోడలతోనే సరిపెట్టుకోగలరా అని చూడండి.

ఖర్చు లెక్కలో స్టాంపు డ్యూటీ 7 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం కలపండి. 40 లక్షల ఇంటికి 3.6 లక్షలు. ధర 50 లక్షలైనా, దాటినా 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) కొనేవాళ్లే కట్టాలి. అమ్మేవాళ్లు విదేశాల్లో ఉంటే ఆ కోత చాలా ఎక్కువ, ముందే ఆడిటర్ని అడగండి.

ఇల్లు చూడ్డానికి ఏప్రిల్‌లో వెళ్లొద్దు. కోటగిరి, కూనూరు వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు, నవంబరుల్లో వెళ్లి పది రోజులు అద్దెకి ఉండి చూడండి. ఏప్రిల్‌లో వేసిన కొత్త రంగు నవంబరులో నిలబడదు.

మంచుతెర

సర్వేరాయి గారూ, లంబసింగి ఆలోచన మానుకున్నాం. అడ్వాన్సు ఇవ్వలేదు. చాలా థాంక్స్ అండి.

తేయాకుగాలి గారూ, కోటగిరి దగ్గర ఒక ఇంటి ఫొటోలు వచ్చాయి. 8 సెంట్లు, సుమారు 1000 చదరపు అడుగులు, 1980ల్లో కట్టింది, 42 లక్షలు. తనిప్పట్టా ఉందంటున్నారు. వెనక కొండ తొలిచి ఇల్లు కట్టారు, వెనక రాతిగోడ రెండున్నర మీటర్లు ఉంటుంది. ముందు వైపు కూడా రాతికట్టు మీదే వరండా ఉంది. వెనక పడగ్గదిలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు, గోడ కింది భాగంలో చెమ్మ. "కొండ మీద ఇది మామూలే, వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తే పోతుంది" అన్నారు. నిజమేనా?

రాతికట్టు

పెయింటుతో పోదు. పగులు, చెమ్మ రెండూ ఆ ఇంటి గురించి ఏదో చెప్తున్నాయి. రెండింటినీ విడివిడిగా చూద్దాం.

ముందు పగులు. కొండ తొలిచి ఇల్లు కట్టేటప్పుడు వెనక సగం తొలిచిన గట్టి నేల మీద, ముందు సగం ఆ తవ్విన మట్టినే పోసిన మెత్తటి నేల మీద నిలబడుతుంది. పోసిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతుంది, తొలిచిన నేల కుంగదు. ఆ తేడాకి ఇల్లు మధ్యలో విరిగినట్టవుతుంది. పగులు కిటికీ మూల నుంచి దాదాపు 45 డిగ్రీల ఏటవాలులో నడిచి, ఒక చివర వెడల్పుగా, రెండో చివర వెంట్రుకలా ఉంటే అది ప్లాస్టరు పగులు కాదు, పునాది కదిలిన పగులు. లోపల పగులున్న చోటే బయటివైపు కూడా ఉందా చూడండి. రెండువైపులా ఉంటే గోడ మొత్తం చీలినట్టే.

పగులు పాతదా, ఇంకా నడుస్తోందా అన్నది అసలు ప్రశ్న. దానికి చవకైన పరీక్ష ఉంది. రెండు మిల్లీమీటర్ల మందం గాజుపలక ముక్క, ఓ అరచేయి పొడవుది, పగులుకి అడ్డంగా పెట్టి రెండు చివరలా ఎపాక్సీతో అంటించండి. ప్లాస్టరు కాస్త గీకి, ఇటుక మీదే అంటించాలి. పక్కనే పెన్సిలుతో తేదీ రాయండి. పగులు రెండు చివరలా కూడా చిన్న గీత గీసి తేదీ వేయండి. ఒక వానాకాలం దాటాక గాజు చిట్లిందంటే ఇల్లు ఇంకా కదులుతోంది. అమ్మేవాళ్లు అంతకాలం ఆగనంటే ఇతర గుర్తులు చూడండి. ఆ గది తలుపు చౌకట్టుకి పట్టేస్తోందా? గచ్చు మీద గోలీ పెడితే లోయ వైపు దొర్లుతోందా? వరండా గచ్చుకీ ఇంటి గోడకీ మధ్య సందు విచ్చుకుందా? వాలు మీద చెట్ల మొదళ్లు వంకీ తిరిగి పైకి లేచాయా, కరెంటు స్తంభాలు ఒకే వైపు ఒరిగాయా? ఇవన్నీ కనిపిస్తే కదులుతున్నది ఇల్లు ఒక్కటే కాదు, ఆ వాలు మొత్తం.

ఇప్పుడు వెనక రాతిగోడ. దగ్గరికెళ్లి నీళ్లు కారే రంధ్రాలు ఉన్నాయా చూడండి. ఒకటిన్నర నుంచి రెండు మీటర్లకొకటి, వరస మార్చి వరస, 75 నుంచి 100 మిల్లీమీటర్ల గొట్టాలు ఉండాలి. వాన పడిన మర్నాడు వాటిలోంచి తేట నీళ్లు కారుతుంటే గోడ పనిచేస్తోంది. బురద నీళ్లు కారుతుంటే వెనక మట్టి కొట్టుకొస్తోంది. గొట్టంలో ఎండు దుమ్ము, సాలెగూడు ఉండి, గోడ మధ్యలో రాళ్ల సందుల నుంచి నీరు చెమరుస్తుంటే గొట్టాలు పూడుకుపోయాయి, నీళ్లు వెనకే నిలబడి గోడని తోస్తున్నాయి. కొండల్లో రాతిగోడలు ఎక్కువగా మట్టి బరువుకి కాదు, ఈ నీటి ఒత్తిడికే పడతాయి. గోడ నడుము భాగం ముందుకి పొట్టలా ఉబ్బిందేమో నూలుదారం కట్టి చూడండి. రెండున్నర మీటర్ల రాతిగోడకి అడుగు వెడల్పు ఎత్తులో సగానికి తగ్గకూడదు, అంటే సుమారు 1.25 మీటర్లు. మూడు మీటర్లు దాటితే ఇంజినీరు డిజైను లేకుండా నమ్మొద్దు. కొండ ప్రాంతాల రిటైనింగ్ గోడలకి ఐఎస్ 14458 ఉంది, మీ ఇంజినీరుని అది చూసి లెక్క ఇమ్మనండి.

గోడ పైన కొండ వాలులో నీటిని పక్కకి మళ్లించే కాలువ ఉండాలి. అడుగు లోతు, అడుగు వెడల్పు ఉన్నా చాలు, కానీ అది ఎక్కడికి పోయి కలుస్తుందో చివరిదాకా నడిచి చూడండి. మధ్యలో విరిగిన కాలువ అసలు లేనిదానికన్నా ప్రమాదం, కొండ నీళ్లన్నీ తెచ్చి ఒక్కచోటే దింపుతుంది.

చెమ్మకి కారణం ఇంచుమించు ఇదే. వెనక గోడకి ఆనుకుని మట్టి ఉంటే ఆ తడి లోపలికి దిగుతుంది. లోపల పెయింటు వేస్తే తడి వెనకే నిలిచి, ఏడాదిలో పెయింటు పొక్కులుగా లేచి, తెల్లటి ఉప్పు బయటికొస్తుంది. చేయాల్సింది బయట. ఇంటి గోడకీ కొండకీ మధ్య కనీసం రెండు మూడడుగుల ఖాళీ చేసి, గచ్చు మట్టం కన్నా కిందికి కందకం తీసి, రంధ్రాల 100 మిల్లీమీటర్ల పైపు వేసి, చుట్టూ 20 మిల్లీమీటర్ల కంకర నింపి, మట్టి చొరబడకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టాలి. పైపుకి మీటరుకి ఒక సెంటీమీటరు వాలు. ఆ తర్వాత గోడ ఆరడానికి ఒక ఎండాకాలం వదిలి, అప్పుడు ప్లాస్టరు. తొందరపడి సిమెంటు పూస్తే మళ్లీ మొదటికే వస్తుంది. రాతిగోడ అడుగు దగ్గర కందకం తవ్వేటప్పుడు ఒకేసారి మొత్తం తవ్వకూడదు, రెండేసి మీటర్ల ముక్కలుగా, ఎండాకాలంలోనే చేయాలి.

చివరిగా సెప్టిక్ ట్యాంకు. దాని నీళ్లు దిగే ఇంకుడు గుంత ముందు వైపు రాతికట్టు పైభాగంలో ఉంటే ఆ నీళ్లన్నీ కట్టు వెనకే చేరతాయి. వరండా కుంగడానికి ఇది తరచుగా కారణం. గుంత ఎక్కడుందో అడిగి, మూత తీయించి చూడండి.

నీలగిరుల ఎర్రమట్టి లోతుగా ఉంటుంది, తడిస్తే మెత్తబడిపోతుంది. 2009 నవంబరులో అక్కడ కొండచరియలు విరిగి నలభై మందికి పైగా పోయారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ భూకోశ్ పోర్టల్‌లో కొండచరియల ముప్పు పటం ఉంది. అది 1:50,000 స్కేలుది, మీ ఇంటిని చూపించదు గానీ ఆ వాలు ఏ రంగులో ఉందో తెలుస్తుంది. ఎరుపులో ఉంటే బేరం అక్కడితో ఆపండి.

ఘాట్‌మలుపు

ఇల్లు బాగున్నా అక్కడ ఏడాదంతా బతకడం వేరే సంగతి. మీరు ఇద్దరే ఉంటారు కాబట్టి చెప్తున్నాను.

నీళ్ల లెక్క వేసుకోండి. మనిషికి రోజుకి 100 లీటర్ల చొప్పున ఇద్దరికి 90 ఎండు రోజులకి 18,000 లీటర్లు కావాలి. 1000 చదరపు అడుగుల రేకు కప్పు మీద వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే 70 వేల లీటర్లకి పైనే పట్టుకోవచ్చు. అంటే వాన సరిపోతుంది, దాచుకునే తొట్టి ఉందా అన్నదే ప్రశ్న. మొదటి వాన నీళ్లు బయటికి వదిలేసే వాల్వు తప్పనిసరి.

రోడ్డు నుంచి గుమ్మం దాకా స్ట్రెచర్ వస్తుందా చూడండి. చివరి వంద మీటర్లు మెట్లయితే అరవై దాటాక అదే పెద్ద సమస్య. ఆ బాట ఎవరి పట్టాలో ఉందో, మీ దస్తావేజులో బాట హక్కు రాసి ఉందో కూడా. పెద్ద వైద్యానికి కోయంబత్తూరు దిగాలి, కోటగిరి నుంచి మేట్టుపాళయానికే ముప్పై కిలోమీటర్ల పైన ఘాట్ రోడ్డు. వానల్లో మట్టి జారితే ఆ దారి మూసేస్తారు. బీపీ, షుగరు మందులు మూడు వారాలవి ఇంట్లో ఉండాలి.

చలికి తలుపులన్నీ మూసుకుని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పాత ఇంట్లో పొగగొట్టం ఉంటే పక్షి గూళ్లు, మసి తీయించాకే వాడండి.

చెత్త బయట పెట్టకండి. కోటగిరి వైపు ఎలుగుబంట్లు ఎక్కువ, నూనె వాసనకి వస్తాయి. దీపాల నూనె కోసం గుళ్ల తలుపులు విరగ్గొట్టిన సంగతులు అక్కడ అందరికీ తెలుసు. అడవి దున్నలు సాయంత్రం తేయాకు తోటల్లోంచి రోడ్డు మీదికొస్తాయి, చీకటి పడ్డాక టార్చి లేకుండా గేటు దాటొద్దు.

తమిళం ఇప్పటినుంచే మొదలుపెట్టండి. చుట్టుపక్కల హట్టిల్లో (బడగల ఊళ్లలో) బడగ భాష మాట్లాడతారు, తమిళం అందరికీ వస్తుంది. గ్యాసు బండ, ప్లంబరు, పాలు, అన్నీ పక్కింటివాళ్ల ద్వారానే దొరికే ఊరది.

మంచుతెర

రాతికట్టు గారూ, ఇంటివాళ్లని అడిగాం. గాజు ముక్క అంటించడానికి ఒప్పుకున్నారు, అక్టోబరు మొదటి వారంలో వెళ్తున్నాం. ఇంకుడు గుంత వరండా కిందే ఉందట.

రాతికట్టు

అయితే గాజు వెనక పడగ్గదిలో ఒకటి, వరండాకీ ఇంటికీ మధ్య సందులో ఒకటి, రెండు అంటించండి. గుంత మార్చడానికి ఆ 8 సెంట్లలో పక్కగా, రాతికట్టుకి దూరంగా చోటుందో లేదో ఎఫ్ఎంబీ పటం మీద గీసి చూపించండి. బావి ఉంటే దానికి కనీసం 18 మీటర్లు ఎడం ఉండాలి. చోటు లేకపోతే ఆ ఇల్లు వదిలేయండి.